గుమ్మపాల నురగ

మా నాన్నగారి లెక్కలో పాలంటే గుమ్మపాలే. పొదుగు నుంచి తిన్నగా గ్లాసులోకి పితికి, ఆ వెచ్చదనం పోకముందే, నురగ కుంగకముందే తాగేయాలి. పొయ్యి మీద కాగిన పాలు కాఫీకి పనికొస్తాయి గానీ ఒంటికి పట్టవని ఆయన నమ్మకం. నేనూ అన్నయ్యా అలాగే పెరిగాం. తెల్లవారగానే ఇత్తడి గ్లాసులు పట్టుకుని పశువుల పాక ముందు నిలబడేవాళ్ళం. దూడ నాలుగు గుక్కలు కుడిచాక ఆవు చేపేది. నాన్నగారు గొంతుక్కూర్చుని పితుకుతుంటే గ్లాసు అంచు దాటి నురగ పొంగేది. ఎవరి గ్లాసులో నురగ ఎక్కువుందని ఇద్దరం కొట్టుకునేవాళ్ళం.

ఆ గ్లాసుల్లో ఒకటి తర్వాత అన్నయ్య కొడుకు చేతికి వచ్చింది. వాడికి ఐదేళ్ళు. పొద్దున్నే లేచి కళ్ళు నులుముకుంటూ తిన్నగా పాక దగ్గరికే పోయేవాడు. తాగాక పై పెదవి మీది తెల్లటి మీసం ఎవరినీ తుడవనిచ్చేవాడు కాదు. "తాతయ్యా, నాకూ మీసాలొచ్చేయి" అంటూ ఇల్లంతా తిరిగి చూపించేవాడు. పుట్టినప్పుడు పీలగా ఉండేవాడు. కాస్త బుగ్గలొచ్చాయంటే అది ఆవు చలవేనని నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. మా అమ్మ పోయాక ఆయన పొద్దున్నే లేచేది ఆ ఆవు కోసమూ, ఆ గ్లాసు కోసమూనే.

నేను కాకినాడలో ఒక వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతాను. ఐనవిల్లి దగ్గరున్న మా ఊరికి వెళ్ళినప్పుడల్లా ఒకటే పోరు పెట్టేదాన్ని. పచ్చిపాలు పిల్లాడికి పట్టొద్దు, మరిగించండి అని. నాన్నగారు నవ్వేసేవారు.

"నువ్వూ అవి తాగే పెరిగేవు కదమ్మా. నీ చదువు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్, ఆ పాలదే."

తాగి పెరిగి, నిక్షేపంలా ఎదురుగా నిలబడి, పాలు తాగితే జబ్బు చేస్తుందని చెప్పే కూతురి మాట ఎవరు మాత్రం వింటారు?

మొన్నటి వానాకాలంలో వదిన ఫోన్ చేసింది. బాబుకి విరేచనాల్లో నెత్తురు పడుతోందట, అమలాపురంలో ఆస్పత్రిలో చేర్చారట. సెలైన్లు పెట్టారు. నెత్తురు ఆగింది. పిల్లాడు లేచి కూర్చుని ఇడ్లీ కూడా తిన్నాడని అన్నయ్య చెబితే అందరం ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు మళ్ళీ వదిన దగ్గర్నుంచే ఫోను.

"నిన్నటి నుంచి బాబుకి ఒంటేలు రాలేదు. మొహం కూడా ఉబ్బినట్టుంది."

వెంటనే కాకినాడ తీసుకొచ్చేయమన్నాను. ఏ జబ్బు ఆ వరసలో వస్తుందో ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద రాసి చెబుతాను. ముందు నెత్తుటి విరేచనాలు, అవి తగ్గి అంతా బాగుందనుకునేలోపు మూత్రపిండాలు పడిపోవడం. ఆవుల పేగుల్లో కాపురముండే ఒక రకం ఈ-కొలై బ్యాక్టీరియా చేసే పని అది. పిల్లలు పరీక్షలో రాస్తే నేను మార్కులు వేస్తాను.

కాకినాడ తీసుకొచ్చేసరికి వాడు తెల్లగా పాలిపోయి ఉన్నాడు. పొట్టకు చిన్న కన్నం పెట్టి గొట్టం వేశారు. మూత్రపిండాలు చేయాల్సిన పని ఆ గొట్టంలోంచి వచ్చీ పోయే ద్రవం చేయాలి. పిల్లల డాక్టరు నాకు తెలిసినవాడే. నన్ను పక్కకు పిలిచి, "మీకు నేను చెప్పేదేముందండీ" అన్నాడు. నిజమే, చెప్పేదేమీ లేదు. ఆ బ్యాక్టీరియా వదిలిన విషం అప్పటికే నెత్తుట్లో కలిసిపోయింది. దానికి విరుగుడు లేదు. యాంటీబయాటిక్ వేస్తే అది చస్తూ చస్తూ ఇంకాస్త విషం కక్కుతుందేమోనని భయం. మూత్రపిండాలు తమంతట తాము లేచేదాకా పిల్లాణ్ణి బతికించి ఉంచడమే వైద్యం. లేస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు. నా ఇరవై ఏళ్ళ చదువు ఆ పిల్లాడికి ఒక్క చుక్క ఒంటేలు తెప్పించలేకపోయింది. ఆ కోపంతో మెట్ల కింద నిలబడి ఏడ్చాను.

దానికి తోడు చుట్టాలు. మా వైపు వాళ్ళకు ఒంటేలు బిగిసిందంటే తెలిసిన మందు ఒకటే, కొబ్బరిబొండం. వచ్చినవాళ్ళల్లా బొండాలు పట్టుకునే వచ్చారు. మా మేనత్త అయితే గెలకు గెలే ఆటోలో వేయించుకు వచ్చింది. మూత్రపిండాలు పనిచేయని ఒంట్లో ఆ నీళ్ళలోని పొటాషియం నిలవైపోయి గుండెను ఆపేస్తుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు ఎక్కలేదు.

"చంటిబిడ్డని నోరు ఎండగట్టి చంపేస్తారా ఏంటే? రెండు గుక్కలు పడితే అదే జారీ అయిపోద్దే."

"అత్తయ్యా, ఆ బొండం లోపలికొస్తే నేను మనిషిని కాను" అన్నాను. నా నోరు మంచిది కాదని మా వాళ్ళందరికీ తెలుసు. ఆ రోజు ఇంకాస్త బాగా తెలిసింది. పెరడంతా కొబ్బరిచెట్లున్న పిల్లాడికి కొబ్బరినీళ్ళే విషమైపోతే, నేను తలుపు దగ్గర కాపలా కుక్కలా కూర్చోవలసి వచ్చింది. లోపల వాడు "అత్తా, దాహం" అనేవాడు. నీళ్ళు కొలిచి పట్టాలి కాబట్టి దూది తడిపి పెదవుల మీద అద్దేదాన్ని. ఆ దూదిని చప్పరించేవాడు.

నాన్నగారు మొదటి బస్సుకి వచ్చారు. చేతిసంచీలో తువ్వాలు చుట్టిన స్టీలు క్యాను ఉంది. పాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. పితికి తిన్నగా బస్సెక్కేసినట్టున్నారు.

"రెండు చెంచాలు చాలమ్మా. నీరసం మీదుంటాడు, ఇది పడితే లేచి కూర్చుంటాడు."

నేను ఆ క్యాను లాక్కుని, ఆయన కళ్ళ ముందే చేతులు కడుక్కునే సింకులో పోసేశాను. పాలు పారబోయడం ఆయన ఇంట్లో జరగని పని. గిన్నె అడుగున మిగిలిన చుక్కలు కూడా గడపలో పిల్లికి పోసే మనిషి. ఖాళీ క్యాను నా చేతిలోంచి తీసుకుని, మూత పెట్టి, మళ్ళీ తువ్వాల్లోనే చుట్టుకుని బల్ల మీద కూర్చున్నారు.

నాకు అనుమానం ఆవు మీద. అన్నయ్య మాత్రం అది మా సెంటర్లోని ముంతమసాలా బండి పనేనని తేల్చేశాడు. జబ్బు చేయడానికి ముందు ఆదివారం వాణ్ణి మోటార్ సైకిల్ మీద ఎక్కించుకు వెళ్ళి, తనే దగ్గరుండి తినిపించాడు. పచ్చి ఉల్లిపాయలు, టమాటాలు, డ్రమ్ములో నీళ్ళు. తన చేత్తో తినిపించిందే పిల్లాణ్ణి పడేసిందన్న బాధ అన్నయ్యలో కోపంగా మారిపోయింది. ఆ బండి నడిపే భార్యాభర్తల్ని ఊళ్ళో ఉండనివ్వనని అరిచాడు.

"పరీక్ష చేద్దాం, ఆగు" అన్నాను.

"చేసి? తెలిస్తే వాడికి ఒంటేలొస్తుందా?"

రాదు. ఆ సంగతి అన్నయ్యకంటే నాకే ఎక్కువ తెలుసు. కానీ పిల్లాడు ఇంటికొస్తే మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆ గ్లాసు పట్టుకుని పాక దగ్గరికి పోతాడు. నాన్నగారు మళ్ళీ పితుకుతారు. రుజువు లేకుండా ఆయన ఆగరు. అదీకాక, గాజుతలుపు అవతల వాడు పడుకునుంటే ఇవతల చేతులు ముడుచుకు కూర్చోలేకపోయాను. నా చేతులకు తెలిసిన పని అదొక్కటే.

దూది పుల్లలు, సీసాలు పట్టుకుని ఊరెళ్ళాను. బండి దగ్గరికి వెళ్ళేసరికి ఆ భర్త ఏమీ అడక్కుండా డ్రమ్ము మూత తీశాడు. ఆవిడ ఉల్లిపాయలు తరిగే కత్తి, చెక్క, గుడ్డ వరసగా తెచ్చి ముందు పెట్టింది.

"అన్నీ చూసుకోండమ్మా. మా పిల్లలూ ఇదే తింటారండీ. బాబుకెలా ఉందండీ?"

"బాగాలేదండీ" అని చెప్పి వచ్చేశాను.

ఇంట్లో నాన్నగారు పాలు పితికేవేళ పాకలో నిలబడ్డాను. ఆయన శుభ్రత తెలియని మనిషేం కాదు. బోరు నీళ్ళతో పొదుగు కడిగారు. చేతులు సబ్బుతో కడుక్కున్నారు. అక్కడిదాకా నా విద్యార్థులకు చూపించొచ్చు. తర్వాత ఆవు చేపడానికి దాని తొడ మీద తట్టారు, డొక్క నిమిరారు, తోక పక్కకు జరిపి "అమ్మా, తల్లీ, ఇవ్వమ్మా" అని బుజ్జగించారు. వానలకు పాకంతా చిత్తడి, ఆ తొడ నిండా పేడ అట్టకట్టి ఉంది. తడిచేత్తో దాన్ని నిమిరి, అదే చేత్తో పొదుగు పట్టుకున్నారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆవును అలా నిమరకుండా పితికితే మొరటుతనమని ఆయనే మాకు నేర్పారు. ఆ రోజు మాత్రం ఆ చెయ్యి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో చూశాను.

పేడ తీసుకున్నాను. తొడ మీద, పొదుగు మీద, పాలచెంబు అంచు మీద దూదిపుల్లలు రాసుకున్నాను. నాన్నగారు తన దొడ్లో పోలీసులు సోదా చేస్తున్నట్టు చూశారు.

"ఆవు సుబ్బరంగా మేస్తోంది. జబ్బుంటే ముందు దానికి రావాలి కదమ్మా" అన్నారు.

"దానికి రాదు నాన్నగారూ. దాని కడుపులో ఊరికే ఉంటుంది."

"నీ మాటలు నువ్వే నమ్మాలి" అని చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మా ల్యాబులో నమూనాలు పెంచి చూసిన కల్చర్ ఫలితం వచ్చినప్పుడు అన్నయ్యకు ఫోన్లో చెప్పాను. ఆవు పేడలో ఈ-కొలై ఉంది, బండి డ్రమ్ము నీళ్ళలో కూడా ఉంది, కానీ ఇంకా... అంటుండగానే వాడు ఫోను పెట్టేశాడు. బండి నీళ్ళలో ఉందన్న ముక్క ఒక్కటే వాడికి వినపడింది. ఆ సాయంత్రానికల్లా నలుగురూ కలిసి బండిని సెంటర్లోంచి తోయించేశారు. నేను మళ్ళీ ఫోన్ చేసి గొంతు చించుకున్నాను. ఈ-కొలై అన్నది ఒట్టి ఇంటిపేరు లాంటిదిరా, ఆ ఇంటిపేరుతో పరమ సాధువులు ఉంటారు, హంతకులూ ఉంటారు, మన పేగుల్లో కూడా ఉంటుంది, జన్యువులు చదివితే తప్ప ఎవరు ఎవరి మనిషో తెలియదు అని. "నీ పాఠాలు తర్వాత చెప్పు" అన్నాడు.

పిల్లాడి విరేచనంలో దొరికిందీ, పాకలోదీ, బండిదీ, మూడు చోట్ల బ్యాక్టీరియానూ హైదరాబాదులో నాతో చదువుకున్న స్నేహితురాలి ల్యాబుకు పంపాను. జన్యువుల్లోని అక్షరాలన్నీ వరసగా చదివి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు. ఎంత దగ్గరగా కలిస్తే అంత దగ్గరి బంధువులు. ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో పిల్లాడికి ఒకసారి ఫిట్సొచ్చాయి. రెండుసార్లు రక్తం ఎక్కించారు. వదిన అన్నం మానేసింది. కింద వేలాడే ఒంటేలు సంచీ దగ్గర నేల మీదే కూర్చునేది. అందులో ఏమైనా పడిందా అని ఎవరం వచ్చినా ముందు ఆ సంచీకేసే చూసేవాళ్ళం. ఎండిపోయిన ఆ ప్లాస్టిక్కును చూసి చూసి, ఇక వాడు ఇంటికి రాడని నేను లోపల ఒప్పేసుకున్నాను. పైకి మాత్రం అందర్నీ కసిరేదాన్ని, ధైర్యం లేదేమిటని.

ఒకరోజు పొద్దున వదిన కేక పెట్టింది. సంచీలో అడుగున, నిమ్మరసం రంగులో కాస్త. అంత కాస్తకే అన్నయ్య గోడకు తల ఆనించి భోరుమన్నాడు.

ఆ వారమే ఫలితం కూడా వచ్చింది. పిల్లాడి దగ్గర దొరికిందీ, ఆవు పేడలోదీ, పాలచెంబు అంచు మీదిదీ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. బండి నీళ్ళలోది వేరే రకం, విషం చేసే జన్యువే లేని సాధువు.

నాన్నగారికి ఎవరు చెప్పాలి? అన్నయ్య "చెప్పొద్దు చెల్లీ, ఆయన బతకడు" అన్నాడు. చెప్పకపోతే ఆ బండి వాళ్ళు దోషులుగానే ఉండిపోతారు, పిల్లాడు మళ్ళీ ఆ గ్లాసే పట్టుకుంటాడు. నేనే వెళ్ళి చెప్పాను. అరుగు మీద కూర్చుని, ఆయనకు తెలిసిన మాటల్లో, తేల్చి చెప్పాను. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నారు.

"ఆవుకేం కాలేదు."

"కాలేదండీ."

"నేనూ రోజూ తాగేను. నాకూ ఏం కాలేదు."

"పెద్దవాళ్ళు తట్టుకుంటారు నాన్నగారూ. ఒక్కోసారి చిన్నపిల్లలకే..."

"నాకు రావలసింది కదమ్మా" అన్నారు. "అంత దగ్గరున్నాను కదా. నాకు వస్తే పోయేదేముంది?"

నేనాయన చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని కండువా వేసుకున్నారు. బండి వాళ్ళెక్కడున్నారో నలుగుర్నీ అడిగి, కె.గంగవరం దగ్గర ఆవిడ పుట్టింటికి వెళ్ళారని తెలుసుకుని ఆటో మాట్లాడారు. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసి బెదిరిపోయింది.

"తప్పు మాదమ్మా" అన్నారు నాన్నగారు. "మా ఆవుది. కాదు, నాది. మీ బండిలో ఏమీ లేదు. ఊరందరికీ నేనే చెప్తాను. వచ్చేయండి."

"అయ్యో, అంత మాటెందుకండీ. బాబుగారు లేచేరాండీ?"

"ఆయ్, లేచేడమ్మా."

"అదే చాలండీ. ఇక్కడే పెట్టుకున్నామండి బండి. పర్లేదండీ."

తిరిగి రాలేదు వాళ్ళు. రమ్మని మళ్ళీ అడిగే మొహం మాకూ లేదు.

పిల్లాడు ఇంటికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు, అయినా వచ్చాడు. మూత్రపిండాలు ఎంతవరకు కోలుకున్నాయో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. దెబ్బ లోపల మిగిలుంటే ఒంటేల్లో నురగ కడుతుంది, అది కుంగకుండా నిలబడితే వెంటనే తీసుకురండి అని వదినకు చెప్పి పంపాడు. పక్కనున్న నాన్నగారు ఆ మాట విన్నారు.

కార్తీకంలో నేను ఊరెళ్ళినప్పుడు పాలు పితికేది వదిన. పాలు పొంగి పొర్లేదాకా పొయ్యి మీదే ఉంటున్నాయి. నాన్నగారు పాక వైపు వెళ్ళడం మానేశారు. ఇత్తడి గ్లాసు ఎక్కడ దాచారో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మనవణ్ణి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, తెల్లటి ప్లాస్టిక్ మగ్గులో ఒంటేలు పోయించి, కళ్ళజోడు సర్దుకుని ఆ మగ్గు మీదికి వంగి చూస్తారు. రోజూ ఇదే పనట. పాలు పితికేటప్పుడు గ్లాసులోకి చూసినంత శ్రద్ధగా చూస్తారు.

ఆ రోజు నన్ను కేకేశారు.

"అమ్మాయ్, ఓసారిలా రా. ఇది నురగేనా, ఊరికే బుడగలా? నా కళ్ళకి ఆనడం లేదు."

బుడగలైతే పోతాయి, ఒక్క నిమిషం ఆగుదాం అన్నాను. ముగ్గురం మగ్గు చుట్టూ వంగాం. వాడికి ఇదంతా ఆటలా ఉంది.

"తాతయ్యా, పాల్లాగే పొంగింది చూడు" అన్నాడు నవ్వుతూ.

నాన్నగారు నా మొహంలోకి చూశారు. నేను మగ్గులోకే చూస్తున్నాను. నురగ కుంగలేదు.